పులి లేని పుస్తకం

మా ఆయన అన్నం తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటాడు. చెయ్యి కడుక్కోవడంతో ఆగడు. చెంబెత్తి నోట్లో నీళ్ళు పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, గరగరా పుక్కిలించి, ఆ నీళ్ళు కూడా అందులోకే వదులుతాడు. పప్పు చారలు, నమిలి పడేసిన మునక్కాయ పిప్పి, కరివేపాకు, వాటి మీద తేలే నురగ. ఆ కంచాన్ని ఒలక్కుండా రెండు చేతులతో ఎత్తి పెరట్లోకి తీసుకుపోవడం నా పని. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "సింకు పక్కనే ఉంది కదా, అక్కడ కడుక్కోరాదా" అన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "మా నాయన ఇట్లనే కడుక్కుంటాండె. మా అమ్మ ఎత్తుతాండె. నీకు మాత్రం సేతులు అరిగిపోతాయా?" అన్నాడు. ఆరేళ్ళుగా ఎత్తుతున్నాను. చేతులు అరగలేదు. ఆ వాసన మాత్రం అలవాటు కాలేదు. అందుకని కంచం ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. పారబోసి, పీచుతో తోమి, బోర్లించేదాకా వదలను.

అర్షియా సంగతి ఆయన నాకు చెప్పింది అలాంటి కంచం ముందు కూర్చునే.

ఆయన పేరు ఈరేష్. మాది ఎమ్మిగనూరు. ఆదోనికి పోయే దారిలో ఉన్న ఒక పల్లెబడిలో ఆయన పెద్దసారు. ఆ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది నసీబ్‌బీ. ఆమె మనవరాలు అర్షియా అదే బడిలో నాలుగో తరగతి. సార్లు వాడే బాత్రూము కడగడానికి మనిషి లేదు. ప్రతి శనివారం ఆ పిల్లతో కడిగిస్తున్నాడు ఈయన. "వాళ్ళవ్వ ఎట్లాగూ ఈడే పని సేస్తాది గదా" అని కారణం. ఒక శనివారం అర్షియా చీపురు కింద పెట్టి, "నేను కడగను సార్" అంది. అంతే. ఎందుకో చెప్పలేదు, ఏడవలేదు.

"ఎంత పొగరు సూడు" అన్నాడు ఆయన వేళ్ళు నాక్కుంటూ. "వరండాలో గోడకు మొగం పెట్టి కూసోబెట్టినా. ఎవరూ దాంతో మాట్లాడగూడదు అని అందరికీ సెప్పినా. నాలుగు దినాలు బాగనే ఇన్నారు. నిన్న అన్నాల కాడ ఆ మౌనిక లేదూ, మగ్గపోల్ల పిల్ల, పిలిస్తే పలకడానికే గంట తీసుకుంటాది, అది ఏం సేసిందో తెలుసా? తన ప్లేటు ఎత్తుకోని పోయి దాని పక్కన కూసోని తినబట్టింది! నేను ఊరికే ఉంటానా? దాన్ని కూడా ఆడనే కూసోబెట్టినా. ఇప్పుడు ఇద్దరైనారు. రేపు ముగ్గురైతే బోర్డు గూడా వరండాలోనే పెట్టుకుంటా!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు గురించి చెప్పాలి. మజ్జిగ వెయ్యడానికి గరిటెతో వంగి ఉన్నాను. ఆయన తన మాటకు తానే నవ్వి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. వెంటనే నవ్వకపోతే "ఏం, మొగం అట్ల పెట్టినావు" అని మొదలవుతుంది, ఎక్కడెక్కడికో పోతుంది, మా పుట్టింటిదాకా పోతుంది. అందుకని నవ్వేశాను. మజ్జిగ వేసినట్టే, నవ్వు కూడా వేశాను. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. కంచం ఎత్తుకుని పెరట్లోకి పోతుంటే ఆ రోజు ఎంత ఊపిరి బిగబట్టినా వాసన ఆగలేదు. పారబోశాను, తోమాను, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఇంకా వస్తూనే ఉంది. చివరికి పైటకొంగు వాసన చూసుకున్నాను.

ఆ వారంలోనే ఆయన ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఆదోనిలో టీచర్లకు మేళా. ఎవరి బడిలో పాఠాలకు వాళ్ళు చేసుకున్న చార్టులు, బొమ్మలు తెచ్చి చూపించాలి. ఈసారి కొత్తగా ఒక పుస్తకం కూడా చెయ్యాలట. బొమ్మలే ఉండాలి, లోపల ఒక్క అక్షరం ఉండకూడదు, పిల్లలే చూసి కథ చెప్పాలి. విషయం ధైర్యం. తప్పు జరుగుతుంటే ఒంటరిగానైనా నిలబడే ధైర్యం.

"అక్షరాల్లేని పుస్తకమేందో, ఈళ్ళకు పనిలేదు" అని ఆయన ఫోను నా ముందుకు తోశాడు. "నీకైతే మంచిదే లే. రాసే పని తప్పింది."

ఆయన బడి గోడల మీద ఉన్న చార్టులన్నీ నేను వేసినవే. అట్టముక్కలతో చేసిన గడియారాలు, అగ్గిపుల్లల లెక్కలు, గుడ్డతో కుట్టిన ఆకులు, పళ్ళు, అన్నీ. హాల్లో గోడకు రెండు ప్రశంసాపత్రాలు ఫ్రేము కట్టి ఉన్నాయి. రెండింటి మీదా ఆయన పేరే. ఒకసారి వాళ్ళ అధికారి ఇంటికి వచ్చి, "ఈరేష్ గారి చేతిలో కళ ఉందండీ" అన్నాడు. అప్పుడు నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన తన చేతులు తనే ఒకసారి చూసుకున్నాడు.

నా చేతికి బొమ్మ వచ్చింది మా నాన్న వల్ల. మాది కోడుమూరు దగ్గర పల్లె. నాన్న సిద్ధప్ప చీర అంచులకు గళ్ళ కాగితం మీద నమూనాలు గీసేవాడు. బడి నుంచి వచ్చి గళ్ళు నింపేదాన్ని నేను. "సూసి నింపు పాపా. ఈడ ఒక గడి తప్పితే, మగ్గం మీద చీరంతా అదే తప్పు నేస్తారు" అనేవాడు. ఇప్పుడు మా అత్తగారింట్లో మగ్గం లేదు, అమ్మేశారు. నేలలో మగ్గం గుంట మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం గిన్నెలు తోమాక రెండు గంటలు ఖాళీ దొరికితే ఆ గుంటలో కాళ్ళు వేలాడేసి, ముందు చెక్కపలక పెట్టుకుని బొమ్మలు వేస్తాను. మా అత్త సరస్వతమ్మ నలభై ఏళ్ళు అక్కడే కూర్చుని నేసింది.

"ధైర్యమంటే పులిని పెట్టు" అన్నాడు ఆయన. "పిల్లోడు కట్టె తీసుకోని పులిని తరమల్ల. రంగులు బాగ కొట్టు."

వేశాను. పన్నెండు పేజీలు. అట్ట మీద ఆయన చెప్పినట్టు 'రూపకల్పన: ఈరేష్' అని గుండ్రంగా రాశాను. ఎర్రదారంతో కుట్టాను. ఆయన పులిని ఫోటో తీసి గ్రూపులో పెట్టుకున్నాడు. మేళాలో కథ చెప్పడానికి భవాని అనే ఐదో తరగతి పిల్లను ఎంచుకుని, బడిలో రోజూ బట్టీ పట్టించాడు. నేను ఆ పులిని చూసుకుంటే రోత పుట్టింది. మంచి పులే. పళ్ళు వరసగా వచ్చాయి. కానీ ఆ బడిలో గానీ, మా ఇంట్లో గానీ పులికి భయపడేవాళ్ళు ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున నసీబ్‌బీ మా ఇంటికి వచ్చింది. ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఆమె గేటు దాటి రెండడుగులు వేసి ఆగింది.

"సార్, పాప బడికి వస్తలేదు సార్. అన్నం గూడా సరిగ తినడంలేదు. మీరు లోపల కూసోమంటే వస్తాది. దండం పెడతా."

"బాత్రూము కడగమను, కూసోబెడతా." నోట్లో బ్రష్షు అలాగే ఉంది. నురగ గడ్డం మీదికి కారుతోంది.

"నేను కడుగుతా సార్. పొయ్యి ముట్టించకముందే కడిగేస్తా. పిల్లనొద్దు."

"నువ్వు కడిగితే దాని పొగరు ఎట్ల దిగుతాది?" అని ఆయన పక్కనున్న మోరీలోకి ఉమ్మాడు. మోరీ ఆమె కాళ్ళ పక్కనే. తెల్లటి తుంపర ఆమె పాదం మీద పడింది. ఆయన చూడలేదు. ఆమె పాదం వెనక్కి లాక్కుంది, తుడుచుకోలేదు.

"ల్యాకుంటే ఆలూరు కాడ మా కోడలి దగ్గరికి పంపించేస్తా సార్. పత్తి తీసేదానికి పోతాది."

"పంపియ్. ఒక సీటు ఖాళీ అయితాది" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

నేను గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె సగం తాగి, మిగిలిన సగం పాదం మీద పోసుకుంది. గ్లాసు తిరిగిస్తూ, "నీకు తెలుసా అమ్మా, మా పాపను బయట కూసోబెట్టింది?" అంది.

"లేదు" అన్నాను.

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. "ఉంటా అమ్మా" అని గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. నేను మోరీ పక్కన పడిన నురగ మీద నీళ్ళు కొట్టి చీపురుతో తోశాను. అది కూడా నా పనే. తోస్తూ ఉంటే, ఆయన మీద పుట్టిన రోత కంటే పెద్దది ఇంకోటి పైకి వచ్చింది. నాలుగో తరగతి పిల్ల ఒకతి చీపురు కింద పెట్టింది. ఇంకో పిల్ల ప్లేటు ఎత్తుకుని పోయింది. ఇరవై ఆరేళ్ళదాన్ని, నేను నవ్వాను. ఆ తర్వాత తెలియదన్నాను. ఇప్పుడు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను.

సోమవారం మధ్యాహ్నం గుంటలో కూర్చుని ఎర్రదారం విప్పాను. అట్ట పక్కన పెట్టి, పులిని, పిల్లాణ్ణి, కట్టెను మడిచి గుంటలోకి పడేశాను. కొత్త కాగితాలు తీసుకున్నాను. పులికి రెండు రోజులు పట్టింది, దీనికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆయన బడికి లడ్డూల సంచి మోసుకుంటూ ఒక్కసారి వెళ్ళాను, జెండా పండగనాడు. ఆ వరండా, నీలం రంగు తలుపు, దాని పక్కన తొట్టి, అన్నీ గుర్తు తెచ్చుకుని వేశాను. ఆయన గడియారం కుడిచేతికి కట్టుకుంటాడు. చెమటకు చొక్కా మాయకుండా మెడచుట్టూ చేతిరుమాలు దోపుకుంటాడు. ఆ రెండూ వేశాను. పిల్లల మొహాలు నాకు తెలియవు. అందుకని అర్షియాను వెనకనుంచి వేశాను, జడ, గోడ. మౌనికకు ప్లేటు, నడిచే కాళ్ళు. మొదటి పేజీ వెయ్యడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. కంచంలో చెయ్యి కడుక్కునే మనిషి, పక్కన గరిటె పట్టుకుని నవ్వే ఆడమనిషి. ఆమె పళ్ళు కనబడేలా వెయ్యాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కనబడేలాగే వేశాను.

ఎర్రదారం విప్పేటప్పుడు తెగింది. తెల్లదారంతో కుట్టాను. అట్ట పాతదే.

శనివారం పొద్దున సంచులు సర్దుతున్నాను. ఆయన స్నానానికి వెళ్ళాడు. మా అత్త గోడకానుకుని కూర్చుని ఉంది. పుస్తకం చూసి, "ఇట్లియ్" అంది. నేను కదిలేలోపే సంచిలోంచి తీసుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కుట్టు మీద వేలు పెట్టి నిమిరి చూసింది.

"దారం మార్చినావే?"

ఆమె అట్ట తిప్పింది. గుడ్డను చూసినట్టు చూస్తుంది ఆమె దేన్నైనా, ముందు పైన, తర్వాత వెనక. మొదటి పేజీ దగ్గరే చాలాసేపు ఆగింది.

"తట్టలో సెయ్యి కడుక్కునేది మా ఆయనా, మావోడా?" అంది. తర్వాత తనే, "ముక్కు మావోనిది. కడిగే తీరు మాత్రం ఆ మహానుభావునిదే" అంది.

ఒక్కో పేజీ తిప్పింది. వరండా. చీపురు. గోడ. ప్లేటు. గేటు దగ్గర ముసలామె పాదం. నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆమె ఒక్క కేక వేస్తే చాలు, పుస్తకం పొయ్యిలోకి పోతుంది, నేను ఎక్కడికి పోతానో తెలియదు. ఆమె చివరి పేజీదాకా చూసి, పుస్తకం మూసి, చార్టుల కింద, సంచి అడుగుకు తోసింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నీ పెండ్లాన్ని గూడా తీస్కపోరా" అంది మా అత్త. "ఇన్ని సంచులు ఎవరు మోస్తారు, నువ్వు మోస్తావా?"

"వస్తే రానీ" అన్నాడు ఆయన.

ఆమె మొహం చూశాను. గోడ వైపు తిరిగి వక్క కొరుక్కుంటోంది.

బస్సులో ఆయన ఒకసారి సంచిలోంచి పుస్తకం తీశాడు. అట్ట మీద తన పేరు చూసుకున్నాడు. దుమ్మేమైనా ఉందేమో అని బొటనవేలితో రుద్దాడు. మళ్ళీ సంచిలో పెట్టేశాడు. లోపల అక్షరాలు లేవు కదా, చూడ్డానికి ఆయనకేముంది.

ఆదోనిలో ఒక హైస్కూలు హాల్లో మేళా. బెంచీలు వరసగా వేసి, ఒక్కో బడికి ఒక్కో బెంచీ ఇచ్చారు. నేను చార్టులు అంటించి, బొమ్మలు సర్ది, సంచులు మడిచి గోడ పక్కన నిలబడ్డాను. ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు. "ఏమప్పా ఈరేషూ, మళ్ళా ప్రైజు నీకేనా? మాకూ ఒగటి ఇడిసిపెట్టప్పా" అన్నారు. "ఏందన్నా, రాత్రి పగలు కూసోని చేసినా" అన్నాడు ఆయన. ముగ్గురూ ఉగ్గాని, బజ్జీ తిని, చేతులు తుడుచుకున్న కాగితాలు నా కాళ్ళ దగ్గర పడేశారు. అలవాటుగా వంగాను. ఏరుకోకుండానే మళ్ళీ లేచి నిలబడ్డాను.

భవాని రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. "పులి రాగానే సెయ్యి పైకెత్తల్ల, గొంతు పెంచల్ల, తెలిసిందా?" అని ఆయన దానికి చెబుతుండగానే జడ్జి వచ్చింది. కర్నూలు నుంచి వచ్చిన మేడమ్. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో నోటుపుస్తకం. వెనక ఇద్దరు ముగ్గురు టీచర్లు.

"ఎవరు చేశారు ఇది?"

"నేనే మేడమ్" అన్నాడు ఆయన. "సొంత ఆలోచన, సొంత చేతిపని."

"ఏదమ్మా, కథ చెప్పు" అంది ఆమె భవానితో.

భవాని అట్ట తిప్పకుండానే మొదలుపెట్టింది. "అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక భయంకరమైన పులి..." అట్ట తిప్పింది. చూసింది. ఇంకో పేజీ తిప్పింది. ఆయన వైపు తల ఎత్తింది.

"పులి లేదు సార్."

వెనక ఎవరో నవ్వారు. ఆయన ముందుకు వంగి చూశాడు. మొదట అర్థం కాలేదు. "పుస్తకం మారినట్టుంది మేడమ్, ఒక్క నిమిషం" అని చెయ్యి చాచాడు. ఆ చేతికి గడియారం. మేడమ్ పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"ఉండండి సార్. పాప చూస్తోంది కదా. బట్టీ పట్టింది వదిలెయ్ తల్లీ. నీకు ఏం కనబడితే అది చెప్పు."

భవాని మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. ఈసారి గొంతు మామూలుగా ఉంది, ఇంట్లో మాట్లాడినట్టు.

"ఒగాయన తట్టలో సెయ్యి కడుగుతాండాడు. పక్కన ఆమె నవ్వుతాంది." పేజీ తిప్పింది. "ఇది మా బడి మేడమ్! ఇది సార్ బాత్రూము, నీలం తలుపు. ఈ పిల్ల చీపురు ఆడ పెట్టేసింది. ఇది అర్షియా." మళ్ళీ తిప్పింది. "అర్షియా గోడకు తిరిగి కూసున్నాది. అందరూ అన్నం తింటాండారు. ఎవరూ మాట్లాడరు." తింటున్న పిల్లల వరస మీద వేలు పెట్టింది. "నేను గూడా మాట్లాడలే. సార్ కొడతాడని." ఇంకో పేజీ. "మౌనిక పోతాంది ప్లేటు ఎత్తుకోని."

పక్క బెంచీల వాళ్ళు కూడా వచ్చి తొంగి చూశారు. చివరి పేజీలో వరండా గోడ, మౌనిక ఒక్కతే, ఆమె పక్కన అన్నం పెట్టిన ఇంకో ప్లేటు. "అర్షియా వస్తలేదు మేడమ్ ఇంగ. పత్తికి పంపిస్తారంట" అంది భవాని.

మేడమ్ నోటుపుస్తకం తెరిచి ఆ పేరు రాసుకుంది. ఊరు అడిగింది, అవ్వ పేరు అడిగింది. భవాని చెప్పింది. ఆయన మెడలోని చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏమిటండీ ఇది, ఈరేష్ గారూ?"

"నాకేం తెలీదు మేడమ్." ఆయన గోడ వైపు, నా వైపు వేలు చూపించాడు. గొంతు హాలంతా వినబడింది. "ఇదంతా నా భార్య వేసింది. నేను ముట్టుకోనుకూడా లేదు. ఈ చార్టులు, ఈ గడియారాలు, అన్నీ ఆమే వేస్తాది. నేను ఒక్కటి గూడా వెయ్యలేదు మేడమ్, దేవుని మీద ఒట్టు."

పెళ్ళయిన ఆరేళ్ళలో నా పనిని నా పని అని నలుగురి ముందు ఆయన చెప్పడం అదే మొదటిసారి.

అందరూ నా వైపు తిరిగారు. మేడమ్ పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పి నా ముందు పెట్టింది. నేను సంచులు గోడకానించి ముందుకు వచ్చాను.

"నువ్వు వేశావా అమ్మా?"

"ఔను మేడమ్, నేనే వేసినా" అన్నాను. "ఆ గరిటె పట్టుకోని నవ్వేది గూడా నేనే."